విద్యుత్ సరఫరా నాణ్యతపైనే ఇంటర్నెట్ సేవల నిలకడ

భూముల రిజిస్ట్రేషన్, రేషన్ సరుకుల పంపిణీ, మీసేవ ధ్రువపత్రాలు, బ్యాంకు లావాదేవీలు, విద్యార్థుల దరఖాస్తులు – ప్రజలకు నిత్యం అవసరమయ్యే సేవలలో అధిక భాగం నేడు ఇంటర్నెట్ ద్వారానే అందుతున్నది. ఇంటర్నెట్ మాత్రం విద్యుత్తుతో నడుస్తున్నది. కరెంటు పోతే దీపం ఆరుతుంది, రాగానే వెలుగుతుంది. నెట్ సంగతి అలా కాదు. కరెంటు వచ్చిన వెంటనే నెట్ రాకపోవచ్చు. కరెంటు ఉన్న ఇంటిలోనూ ఒక్కొక్కప్పుడు నెట్ ఉండదు. విద్యుత్ పంపిణీ సంస్థలు లెక్కించే సరఫరా గంటలకు, పౌరునికి వాస్తవంగా అందే ఇంటర్నెట్ గంటలకు మధ్య ఈ వ్యత్యాసం ఎక్కడ ఏర్పడుతున్నదో తెలియజేసే వివరాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ దిగువ పొందుపరచడమైనది.

ఒక నెట్ కనెక్షన్ – ఎన్నో కరెంటు కనెక్షన్లు

ఫైబర్ ద్వారా ఇంటికి వచ్చే ఇంటర్నెట్‌కు కనీసం మూడు చోట్ల విద్యుత్ అవసరం. మొదటిది సేవాసంస్థ ప్రధాన కేంద్రం. ఇటువంటి కేంద్రాలకు సాధారణంగా రెండు మార్గాల విద్యుత్ సరఫరా, బ్యాటరీలు, పెద్ద జనరేటర్లు ఉంటాయి కనుక ఇక్కడ అంతరాయం అరుదు. రెండవది మండల కేంద్రంలోనో, పట్టణంలోని ఒక వార్డులోనో ఉండే ఓ.ఎల్.టి. అనే పరికరం. ఒక ప్రాంతంలోని వందలాది ఇళ్లకు వెలుగు సంకేతాలను పంపేది ఇదే. మూడవది వినియోగదారుని ఇంటిలోని మోడెమ్. ఓ.ఎల్.టి.కి, ఇంటికి మధ్య ఉండే గాజుతీగకు గాని, దానిని పాయలుగా విడదీసే స్ప్లిటర్‌కు గాని విద్యుత్ అక్కరలేదు. పాత కేబుల్ టీవీ తీగల మాదిరిగా దారి పొడవునా యాంప్లిఫయర్లు పెట్టవలసిన పని లేకపోవడం ఈ సాంకేతికతలోని పెద్ద సుగుణం.

అయితే ఈ సుగుణం అన్ని చోట్లా అక్కరకు రావడం లేదు. అనేక పట్టణాలలో స్థానిక కేబుల్ ఆపరేటర్లు వీధి చివరి వరకు ఫైబర్ తెచ్చి, అక్కడ ఒక చిన్న స్విచ్ పెట్టి, ఇళ్లకు రాగి తీగ ఇచ్చే పద్ధతి చాలాకాలం కొనసాగింది. ఆ స్విచ్ ఏ దుకాణం గోడకో, ఏ మేడపైనో ఉంటుంది. దానికి ఆ దుకాణదారు కరెంటే ఆధారం. రాత్రి దుకాణం మూసి మెయిన్ ఆపితే వీధి అంతటికీ నెట్ ఆగిపోతుంది. ఇందులో విద్యుత్ సంస్థ తప్పిదం గాని, ఇంటర్నెట్ సంస్థ తప్పిదం గాని ఏ రికార్డులోనూ కనిపించదు.

పై మూడు చోట్లకు విద్యుత్ వేర్వేరు 11 కె.వి. ఫీడర్ల నుంచి రావచ్చు. ఒక్కొక్క చోట ఏడాదిలో 99 శాతం కాలం సరఫరా ఉన్నదనుకుంటే, విడిగా చూసినప్పుడు అంతరాయం ఏడాదికి సుమారు 88 గంటలు. మూడు చోట్లా ఎటువంటి బ్యాటరీ లేదనుకొని, అంతరాయాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనుకుంటే మూడూ ఒకేసారి పనిచేసే కాలం 97 శాతానికి పడిపోతుంది. అంటే ఏడాదికి సుమారు 260 గంటలు, దాదాపు 11 రోజులు నెట్ ఉండదు. ఏ ఒక్క ఫీడర్ రిజిస్టర్ చూసినా ఈ 11 రోజులు కనబడవు.

ఐదు నిమిషాల గీత

విద్యుత్ సరఫరా విశ్వసనీయతను కొలవడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సూచికలు ప్రధానంగా రెండు. ఒక వినియోగదారునికి సగటున ఎన్నిసార్లు సరఫరా ఆగిందో తెలిపేది సైఫీ. సగటున మొత్తం ఎంతసేపు ఆగిందో తెలిపేది సైడీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో జారీ చేసిన 7వ నంబరు నిబంధనలో పంపిణీ సంస్థలు పాటించవలసిన ప్రమాణాలతో పాటు ఈ సూచికలను కూడా పేర్కొన్నది. ఐదు నిమిషాలకు మించిన అంతరాయాలను మాత్రమే సైఫీ, సైడీలలో లెక్కించాలి. ఐదు నిమిషాల లోపు వాటికి మైఫీ అనే వేరొక సూచిక ఉన్నది. ప్రధానంగా వ్యవసాయ లోడు ఉన్న ఫీడర్లను ఈ లెక్కల నుంచి మినహాయించారు.

ఫ్యాను, దీపం, మోటారు విషయంలో ఈ ఐదు నిమిషాల గీత సమంజసమైనదే. ఇంటర్నెట్ విషయంలో మాత్రం చిక్కు అక్కడే ఉన్నది. కరెంటు రెండు సెకన్లు పోయి వచ్చినా ఇంటి మోడెమ్ ఆగి మళ్లీ మొదటి నుంచి ప్రారంభమవుతుంది. అది లేచి, ఓ.ఎల్.టి.తో గుర్తింపు పూర్తి చేసుకొని, నెట్ ఇవ్వడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. గాలివాన రోజున ఇటువంటి తడబాట్లు పది జరిగితే కరెంటు లేని కాలం మొత్తం 20 సెకన్లు. నెట్ లేని కాలం అరగంట. సైడీ పట్టికలో ఆ రోజు నమోదయ్యేది సున్న. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న విద్యార్థికి గాని, వేలిముద్ర వేసి పింఛను కోసం నిలుచున్న వృద్ధురాలికి గాని ఆ సున్నతో నిమిత్తం లేదు. సరఫరా నాణ్యతపై వార్త రాసేవారు, నివేదిక తయారుచేసేవారు సైడీతో పాటు మైఫీ అంకెను కూడా అడిగి తెలుసుకోవడం అవసరం. అలవాటు కొద్దీ చాలామంది అడగని అంకె అది.

అదే నిబంధనలో మరమ్మతులకు గడువులు కూడా నిర్దేశించారు. ఫ్యూజు పోయిన ఫిర్యాదును నగరాలు, పట్టణాలలో 4 పని గంటలలో, గ్రామాలలో 12 పని గంటలలో సరిచేయాలి. లైను తెగితే పట్టణాలలో 6 గంటలు, గ్రామాలలో 24 గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాలలో 24 గంటలు, గ్రామాలలో 48 గంటలు. ఈ గడువులు నిర్ణయించిన నాటికి గ్రామాలలో ఇంటర్నెట్ దాదాపు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి 48 గంటలు పట్టినా సంస్థ నిబంధనను పాటించినట్లే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద నెట్ పరికరం ఉన్నచోట ఆ గ్రామానికి రెండు రోజుల పాటు ఆన్‌లైన్ సేవలు అందవు.

వోల్టేజి సంగతి కొంత భిన్నమైనది. ఫీడర్ చివరి గ్రామాలలో సాయంత్రం వేళ వోల్టేజి తగ్గడం సర్వసాధారణ ఫిర్యాదు. మోడెమ్‌లలోని అడాప్టర్లు తక్కువ వోల్టేజిని చాలావరకు తట్టుకుంటాయి. వాటికి అసలు ప్రమాదం న్యూట్రల్ తీగ తెగినప్పుడు ఇళ్లలోకి వచ్చే అధిక వోల్టేజి, పిడుగులు. వర్షాకాలంలో మోడెమ్‌లు కాలిపోయే సంఘటనలకు ఈ రెండే ముఖ్య కారణాలు.

కార్డ్ నుంచి నేటి వరకు

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబర్ 4న రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం 214 కార్యాలయాలలో ప్రారంభమైనది. ఆనాటి కంప్యూటర్లు ఏ కార్యాలయానికి ఆ కార్యాలయమే విడిగా పనిచేసేవి. కరెంటు పోతే ఆ కార్యాలయం పని మాత్రమే ఆగేది. యూపీఎస్ ఉన్నంతసేపు పని సాగేది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ సంస్కరణల చట్టం అమలులోకి వచ్చి విద్యుత్ మండలి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయినది. 2000లో నాలుగు పంపిణీ సంస్థలు ఏర్పడినవి. అప్పటికి దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కన్నా తరచుగా బాగా తగ్గిపోయేది. లైన్లో కరెంటు ఉన్నప్పటికీ ఫ్రీక్వెన్సీ పరిధి దాటడంతో మంచి రకం యూపీఎస్‌లు బ్యాటరీలోకి మారిపోయి కాసేపటికి ఆగిపోయేవి. 2003 జనవరి 1న దక్షిణాదిలో అందుబాటు ఆధారిత టారిఫ్ విధానం అమలైన తరువాత ఈ పరిస్థితి మెరుగుపడినది.

2001 ఆగస్టు 25న హైదరాబాద్‌లో ఈసేవ, 2011 నవంబర్ 4న మీసేవ వచ్చాయి. ఈ పదేళ్లలో మారినది సేవల సంఖ్య మాత్రమే కాదు. సమాచారం కార్యాలయం గదిలోని కంప్యూటర్ నుంచి రాజధానిలోని డేటా కేంద్రానికి తరలిపోయినది. దానితో గదిలో కరెంటు ఉంటే చాలదు, దారి పొడవునా ఉండాలి అనే కొత్త షరతు వచ్చి చేరినది. 2019 అక్టోబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ప్రారంభమైన నాటికి ఈ షరతు గ్రామస్థాయికి చేరుకున్నది.

2012, 2013 సంవత్సరాలలో రాష్ట్రం తీవ్రమైన విద్యుత్ కొరతను ఎదుర్కొన్నది. కృష్ణా గోదావరి బేసిన్ నుంచి గ్యాసు సరఫరా పడిపోవడం, ఉత్తరాది నుంచి విద్యుత్ తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చినది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కె.వి. లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైనది. ఆ తరువాత ఉత్పత్తి కొరత వల్ల కోతలు చాలావరకు తగ్గాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలపై మళ్లీ ఆంక్షలు పెట్టవలసి రావడం ఇందుకు మినహాయింపు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా అమలు చేశారు.

కొరత తగ్గినకొద్దీ చివరి మైలు లోపాలు ఎక్కువగా కంటపడుతున్నాయి. చెట్టుకొమ్మ లైనుపై పడడం, ట్రాన్స్‌ఫార్మర్‌పై అధిక లోడు, మరమ్మతుకు లైన్ ఆపడం – ఇవన్నీ పంపిణీ స్థాయి సమస్యలు. రాష్ట్రంలో మిగులు విద్యుత్ ఉన్నా ఇవి తొలగవు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పంపిణీ రంగ పునర్వ్యవస్థీకరణ పథకం రూ. 3,03,758 కోట్ల అంచనాతో ఫీడర్ల విభజనకు, స్మార్ట్ మీటర్లకు ప్రాధాన్యమిచ్చినది ఈ కారణం చేతనే.

స్తంభం ఒకటే, తీగలు రెండు

ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ విద్యుత్ వ్యవస్థతో మరింత గట్టిగా ముడిపడి ఉన్నది. భూమిలో కందకాలు తవ్వే ఖర్చు, కాలం తప్పించేందుకు సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్‌ను విద్యుత్ స్తంభాలపైనే వేలాడదీశారు. పరికరాలను ఉంచడానికి సబ్‌స్టేషన్లను ఎంచుకున్నారు. లోహం లేని ప్రత్యేక కేబుల్ కావడం వల్ల విద్యుత్ తీగల సమీపంలో ఉన్నా ప్రమాదం లేదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. పరికరం సబ్‌స్టేషన్ ప్రాంగణంలోనే ఉన్నందున సరఫరా సాధారణ దినాలలో మెరుగ్గా ఉంటుంది. ఇది తక్కువ ఖర్చుతో సాధించిన ప్రయోజనం, సందేహం లేదు.

ప్రతిగా స్తంభం పడితే కరెంటు తీగతో పాటు ఫైబర్ కూడా పడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు వేలాది స్తంభాలు నేలకూలి నగరం రోజుల తరబడి అంధకారంలో మునిగినది. సెల్ టవర్ల వద్ద బ్యాటరీలు నిండుకోవడం, కూలిన చెట్లతో రోడ్లు మూసుకుపోయి డీజిల్ చేరకపోవడం వల్ల ఫోన్లు కూడా మూగబోయినవి. అప్పటికి ఫైబర్ గ్రిడ్ లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానాన్ని ధ్వంసం చేసిన నాటికి స్తంభాలపై ఫైబర్ కూడా ఉన్నది.

పునరుద్ధరణ క్రమం తెలుసుకుంటే నెట్ ఎందుకు ఆలస్యమవుతుందో అర్థమవుతుంది. ముందుగా 33 కె.వి. లైన్లు, తరువాత 11 కె.వి., ఆ తరువాత ఇళ్లకు వెళ్లే ఎల్.టి. లైన్లు నిలబెడతారు. ఆస్పత్రులు, మంచినీటి పథకాలకు సహజంగానే ప్రాధాన్యం. స్తంభం నిలబడిన తరువాతనే ఫైబర్ సిబ్బంది దానిపైకి ఎక్కగలరు. అవసరమైన చోట అందుకోసం లైన్‌మన్ నుంచి ఎల్.సి. తీసుకోవాలి, అనగా అప్పుడే వచ్చిన కరెంటును మళ్లీ కొంతసేపు ఆపాలి. నాలుగు రోజులు చీకటిలో ఉన్న గ్రామంలో ఎల్.సి. కోరడం ఎంత కష్టమో క్షేత్రస్థాయి సిబ్బందికి తెలియనిది కాదు. "విద్యుత్ నూరు శాతం పునరుద్ధరణ" అని వెలువడే ప్రకటనను నెట్ పునరుద్ధరణగా భావించరాదు. తుపాను అనంతరం జిల్లా యంత్రాంగం జారీచేసే రోజువారీ పట్టికలో రెండింటికీ వేర్వేరు గడులు ఉండడం మేలు.

హుద్‌హుద్ అనంతరం విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో భూగర్భ విద్యుత్ కేబుళ్ల పని చేపట్టారు. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ పైపులైన్ల కందకాలలో వేశారు. దానికి గాలి భయం లేదు. రోడ్డు పనుల తవ్వకాల భయం ఉన్నది.

టవర్లు, బ్యాటరీలు, డీజిల్

గ్రామాలలో ఎక్కువమందికి ఇంటర్నెట్ అంటే చేతిలోని ఫోనే. ఇంటిలో కరెంటు లేకపోయినా ఫోన్ బ్యాటరీతో పనిచేస్తుంది కనుక టవర్‌కు విద్యుత్ ఉన్నంతవరకు నెట్ ఉంటుంది. టవర్ పరికరాలు 48 వోల్టుల డి.సి. బ్యాటరీలపై నడుస్తాయి. గ్రిడ్ కరెంటు బ్యాటరీలను నింపుతుంది, అది లేనప్పుడు జనరేటర్ నింపుతుంది. దేశంలోని సుమారు 3.10 లక్షల టవర్లకు కావలసిన విద్యుత్తులో 40 శాతం మాత్రమే గ్రిడ్ నుంచి వస్తున్నదని, మిగిలిన 60 శాతం డీజిల్‌తో ఉత్పత్తి అవుతున్నదని, ఏటా దాదాపు 200 కోట్ల లీటర్ల డీజిల్ ఖర్చవుతున్నదని టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2011లో అంచనా వేసినది. ఆ లెక్క ఆనాటిది. గ్రామీణ సరఫరా ఆ తరువాత చాలా మెరుగైనది. అయినప్పటికీ వరుసగా కోతలు వచ్చినప్పుడు బ్యాటరీ పూర్తిగా నిండే అవకాశం ఉండదు. నాలుగు గంటలు నిలవవలసిన బ్యాటరీ రెండవ కోతలో గంటకే చేతులెత్తేయడానికి కారణం ఇదే.

ఏజెన్సీ ప్రాంతాలలో 33 కె.వి. లైన్లు అడవి గుండా చాలా దూరం సాగుతాయి. ఒక కొమ్మ విరిగి పడితే అనేక గూడేలకు సరఫరా ఆగుతుంది, లోపం వెదకడానికే సగం రోజు పడుతుంది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ సేవలు అందించేందుకు రూ. 26,316 కోట్ల పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూలై 27న ఆమోదం తెలిపినది. ఇటువంటి చోట్ల టవర్‌తో పాటు సౌరవిద్యుత్, తగినంత బ్యాటరీ సామర్థ్యం కూడా ఏర్పాటు చేస్తేనే సిగ్నల్ నిలుస్తుంది.

2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తినప్పుడు భద్రత దృష్ట్యా విద్యుత్ సరఫరాను నిలిపివేశారు. ప్రాణరక్షణకు అది తప్పనిసరి నిర్ణయం. మేడలపై చిక్కుకున్నవారికి చార్జింగ్ లేక ఫోన్లు ఒకటొకటిగా ఆగిపోయినవి. సహాయ శిబిరాలలో, పడవలలో ఆహారం, మంచినీటితో పాటు చార్జింగ్ సదుపాయం కూడా అత్యవసర సామగ్రియేనని ఆ వరద తెలియజేసినది.

పంచాయతీ కార్యాలయం గది

గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలిపే జాతీయ పథకానికి 2011 అక్టోబర్‌లో కేంద్రం ఆమోదం తెలిపినది. అది తరువాత భారత్‌నెట్‌గా పేరు మారినది. దీని తొలి ప్రయోగానికి దేశంలో ఎంపిక చేసిన మూడు ప్రాంతాలలో అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ మండలం ఒకటి కావడం గమనార్హం. ఫైబర్ పంచాయతీ వరకు చేరిన తరువాత మిగిలిన ప్రశ్న గది గురించి. పరికరం ఉన్న గదికి తాళం ఎవరి వద్ద ఉన్నది, పంచాయతీ కరెంటు బిల్లు చెల్లించినదా, బ్యాటరీలో నీరు ఎవరు చూస్తున్నారు అన్నవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి. బిల్లు బకాయి పడి కనెక్షన్ తొలగిస్తే కోట్ల రూపాయల ఫైబర్ ఆ గది గుమ్మం వద్ద ఆగిపోతుంది. తనిఖీకి వెళ్లే అధికారులు కేబుల్ ఎన్ని కిలోమీటర్లు వేశారన్న దానికన్నా ముందుగా పరికరం మీది పచ్చ దీపం వెలుగుతున్నదో లేదో చూడడం మంచిది.

కార్యాలయాలలో, ఇళ్లలో దీనికి సులభమైన ఏర్పాటు ఉన్నది. మోడెమ్ వాడుకునే విద్యుత్ సుమారు 10 వాట్లు మాత్రమే. దీనికోసం ఇల్లంతటికీ ఇన్వర్టర్ అక్కరలేదు. చిన్న 12 వోల్టుల డి.సి. యూపీఎస్ కొన్ని గంటలు నడుపుతుంది, కరెంటు మారినప్పుడు మోడెమ్ ఆగి లేచే బెడద కూడా ఉండదు. సాధారణ ఇన్వర్టర్ ఉన్నవారు దానిని యూపీఎస్ పద్ధతిలో పెట్టుకోవాలి. రెండవ పద్ధతిలో మారే వ్యవధి ఎక్కువై మోడెమ్ మళ్లీ మొదటికి వస్తుంది.

ఫిర్యాదు ఎవరికి

విద్యుత్ ఫిర్యాదులకు దేశవ్యాప్త నంబరు 1912. కరెంటుతో పాటు టవర్ కూడా ఆగిన గ్రామం నుంచి ఆ నంబరుకు ఫోన్ చేయడం సాధ్యం కాదు. సరఫరా ఆగినట్లు స్మార్ట్ మీటర్లు తమంతట తామే కేంద్రానికి తెలియజేయగలవు. అయితే అధిక భాగం మీటర్లు సందేశం పంపేది కూడా మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే లేదా దానిపై ఆధారపడిన మార్గం ద్వారానే. విద్యుత్తుకు నెట్, నెట్‌కు విద్యుత్ అవసరమైన ఈ పరిస్థితిలో సబ్‌స్టేషన్‌కు, సమీప టవర్‌కు ముందుగా సరఫరా ఇచ్చే క్రమాన్ని స్థానిక ఇంజనీర్లు రాసిపెట్టుకోవడం అవసరం.

2020 డిసెంబర్ 31న కేంద్రం జారీ చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళి 24 గంటల సరఫరాను వినియోగదారుల హక్కుగా పేర్కొన్నది. వ్యవసాయం వంటి కొన్ని వర్గాలకు తక్కువ గంటలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర నియంత్రణ మండళ్లకు వదిలినది. సరఫరాపై ఫిర్యాదు పరిష్కారం కానివారు 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇంటర్నెట్ అంతరాయంపై ఫిర్యాదు మాత్రం సేవాసంస్థ ఫిర్యాదుల కేంద్రానికి, ఆ తరువాత అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి చేరుతుంది. ఓ.ఎల్.టి. వద్ద కరెంటు లేక నెట్ ఆగిన వినియోగదారుడు విద్యుత్ వేదికకు వెళితే, ఆయన ఇంటి మీటరుకు సరఫరా ఉన్నదని సమాధానం వస్తుంది. సేవాసంస్థను అడిగితే కారణం విద్యుత్ అంతరాయమని చెబుతుంది. రెండు సమాధానాలూ వాస్తవమే. ఈ రెండింటినీ కలిపి విచారించే వేదిక ఏ చట్టంలోనూ ప్రత్యేకంగా ఏర్పాటు కాలేదు.